గాజింట్లో చల్లగాలి

నా ఉద్యోగం గింజల పొట్ట కోసి చూడడం. బియ్యపు గింజని చిన్న పట్టకారుతో పట్టుకుని, గడ్డం గీసుకునే బ్లేడుతో అడ్డంగా కోసి, కోసిన చోట ఒక చుక్క అయోడిన్ వేసి, నీలం ఎంత ముదురుగా తేలిందో చూసి చెప్పాలి. వరి పరిశోధన కేంద్రంలో ఇదీ ఒక ఉద్యోగమేనా అని మా అత్తగారు పోయేదాకా ముక్కున వేలేసుకుంది. ఉద్యోగమేనండీ. గింజ పైకి ఎంత ముద్దొచ్చినా లోపలేముందో కోస్తేగానీ తెలియదు. మనుషుల విషయంలో ఈ సౌకర్యం లేదు.

నేను చెప్పబోయేది నా గురించి కాదు, బాబాయి గురించి. ఆయన కేంద్రంలో అందరికీ బాబాయే. వెనక మాత్రం తడిగుడ్డ బాబాయి అనేవాళ్లు. ఏ కాలమైనా సరే, తడిపి పిండిన తువ్వాలు ఒకటి ఆయన నెత్తిమీద ఉండాల్సిందే. ఆఫీసులో టైపు కొట్టే ఒకాయనకి నోటిదురద ఎక్కువ. “బాబాయ్, నువ్వు తడిగుడ్డతో గొంతు కోసే రకం కాదు కదా?” అని ఎగతాళి చేసేవాడు. బాబాయి కూడా పళ్లన్నీ కనపడేలా నవ్వేవాడు. ఆ నవ్వు నేనిప్పటికీ మర్చిపోలేదు.

ఈ కొలువులోకి రాకముందు బాబాయి బట్టలుతికి ఇస్త్రీ చేసే కార్ఖానాలో ఆవిరి బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. పగలంతా బాయిలర్ ముందు, పని దిగాక రేకుల గదిలో. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ. దొంగల భయమని ఇంటివాడు దానికి బయటినుంచి మేకులు కొట్టించాడు. ఒక ఎండాకాలం బాబాయి భార్యకి జ్వరం వచ్చి తగ్గలేదు. “కిటికీ తియ్యండి, ఊపిరాడట్లేదు” అని మంచంమీద కలవరించేదట. ఇంటివాడు ఊళ్లో లేడు. అడక్కుండా మేకులు పీకితే గది ఖాళీ చేయిస్తాడేమోనని బాబాయి భయపడ్డాడు. చిన్నపిల్లగా ఉన్న కూతురు తువ్వాలు తడిపి తల్లి నుదుటిమీద వేస్తూ కూర్చుంది. ఇంటివాడు తిరిగొచ్చేలోపే ఆవిడ కన్నుమూసింది.

ఇది నాకు ఆయన ఒక్కసారే చెప్పాడు. గింజల పళ్లెం నా బల్లమీద పెడుతూ, వాన పడుతుందా పడదా అన్నంత మామూలుగా చెప్పేసి, “సరే, వస్తా” అని వెళ్లిపోయాడు. నేను ఆ పూట కోసిన గింజలన్నీ వంకరటింకరగా తెగాయి.

కేంద్రంలో బాబాయి పని గాజిల్లు చూసుకోవడం. అది పొడుగాటి గది. గోడలూ కప్పూ గాజువే. లోపల బల్లలమీద కుండీల్లో వరి. కప్పు కింద వేడినీళ్ల గొట్టాలు. గోడల కింది భాగంలో, బల్లల ఎత్తుకి సరిగ్గా, వరసగా చిన్న చిన్న రేకు తలుపులు ఉండేవి, కుండీలు కడిగిన నీళ్లు బయటికి తోయడానికి. తెల్లారేసరికి బాబాయి అక్కడ ఉండేవాడు. పొద్దువాలినా ఇంటికి పోబుద్ధయ్యేది కాదు. కుండీ కుండీకీ పలకరింపు. “ఏమ్మా, తిన్నావా?” అని వరి మొక్కని అడిగే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన చేతిలో చచ్చే మొక్క కూడా బతికేది. బయట పొలంలో గింజ పట్టని రకం గాజింట్లో గుత్తులుగా విరగకాసేది. అందరూ ఒకటే మాట: హస్తవాసి.

నాకు ఆ మాట అంటే మొదట్నుంచీ ఒళ్లు మంట. ఎందుకు బాగుందో కనుక్కోవలసినవాళ్లు హస్తవాసి అనేసి చేతులు దులుపుకుంటే ఇక కనుక్కునేదెవరు? ఇంత చదువుకున్నవాళ్లూ, ముఖ్యమైన కుండీ ఏదైనా సరే, “బాబాయి గదిలో పెట్టండి, ఆయన చెయ్యి చల్లనిది” అనేవాళ్లు. అలా ఆ గదికి పేరొచ్చింది. మంచి రకం కావాలంటే బాబాయి గదిలోంచే బయటికి రావాలి.

ఆ గదిలోంచి వచ్చిన వాటిల్లో ఆఖరిదే ఈ కథంతా తెచ్చిపెట్టింది. డాక్టరమ్మ దాన్ని తయారు చేసింది. మందుల డాక్టరు కాదు, వరి జన్యువుల మీద చదువుకున్న డాక్టరు. సన్నగా, నిద్రలేని కళ్లతో, ఎప్పుడూ చేతిలో చల్లారిపోయిన టీ గ్లాసుతో తిరిగే మనిషి. బాబాయికి ఏదైనా విడమరిచి చెప్పడం ఆవిడకి ఇష్టం.

“గింజ పాలు పోసుకుంటుంది చూడు బాబాయ్, అప్పుడు ఆకుల్లో తయారైన తీపి నీళ్లు కాడలోంచి గింజలోకి దిగుతాయి. ఆ తీపిని పిండిగా పేర్చడానికి లోపల పనివాళ్లు ఉంటారు. ఒకళ్లు తిన్నటి పోగులు పేనుతారు, ఒకళ్లు వాటికి కొమ్మలు అతికిస్తారు, ఒకళ్లు అడ్డదిడ్డంగా వచ్చిన కొమ్మలు కత్తిరిస్తారు. ఒక్కో పనివాణ్ని తయారుచేసే జన్యువు ఒక్కోటి ఉంటుంది.”

“మరి వీళ్లందర్నీ పొద్దున్నే పనిలోకి పిలిచేదెవరమ్మా?”

“అదే! దానికీ ఒక జన్యువు ఉంది. అది లేస్తే మిగతావి లేస్తాయి. అది పడుకుంటే అన్నీ పడుకుంటాయి.”

“మేస్త్రీ అన్నమాట.”

“మేస్త్రీయే. ఈ కొత్త రకంలో మన మేస్త్రీ తొందరగా లేస్తాడు, గట్టిగా అరుస్తాడు. అందుకే గింజ నిండుగా, ఖాళీ లేకుండా, గాజుముక్కలా వస్తోంది.”

నిజంగానే గాజుముక్కలా వచ్చింది. నేను కోసి చూశాను కదా. కింద దీపం ఉన్న అద్దంమీద పెడితే గింజలోంచి వెలుతురు ఇవతలికి వచ్చేది. పిండి రేణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుని, మధ్య గాలికి చోటు లేకుండా సర్దుకుంటేనే అలా ఉంటుంది. రేణువులు వదులుగా ఉంటే మధ్యలో గాలి చేరి గింజ పొట్ట సుద్దలా తెల్లబడుతుంది. తెల్లబడ్డ గింజ మరలో పడిందంటే నూకే. అది ఏ ఊళ్లోనైనా అంతే.

వేడికి కూడా తట్టుకుంటుందా అన్నది చూడాలని ఆ రకాన్ని గాజింట్లో రాత్రంతా గొట్టాలు వేడిగా పెట్టి పెంచారు. వేడి కొలిచే తీగని డాక్టరమ్మే స్టూలెక్కి కప్పు దగ్గర కట్టింది. పొద్దున్నే వచ్చి చూస్తే రాత్రి వేడి ఉండాల్సినంత ఉండేది. గింజ మాత్రం చెక్కుచెదరకుండా ఉండేది. పంట తర్వాత పంట అంతే. రాత్రి వేడికి గింజ చెడని రకం దొరికిందని డాక్టరమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి నన్ను కావలించుకుంది. టీ నామీద ఒలికింది.

ఆ విత్తనం కొంతమంది రైతులకి ఇచ్చి చూడమన్నారు. వాళ్లలో బాబాయి కూతురు ఒకతె.

ఆవిడ మొగుడు లారీమీద నెలల తరబడి తిరుగుతుంటాడు. ఆవిడే ఒక ఆసామి పొలం కౌలుకు చేస్తూ, పొలం గట్టుమీది రెండు గదుల ఇంట్లో పసిపిల్లతో ఉంటోంది. రెండు గదులకీ పెద్ద పెద్ద కిటికీలు. వరసగా రెండు పంటలు పురుగుకీ వరదకీ పోయాయి. ఆసామి చెడ్డవాడు కాదు, కానీ ఆయన ఓపికకీ హద్దుంటుంది. “ఈసారి బియ్యం నిలబడితే పొలమూ ఇల్లూ నీవే అనుకో. నూకైతే మాత్రం నన్ను తప్పు పట్టకమ్మా, వేరేవాళ్లకి ఇచ్చేస్తా” అన్నాడు. అంటే మళ్లీ బస్తీ, మళ్లీ రేకుల గది. బాబాయి ఆ మాట విని విత్తనం మూట భుజానేసుకుని స్వయంగా మోసుకెళ్లాడు. “నా చేతుల్లో పెరిగిన పిల్లమ్మా ఇది. నిన్ను ముంచదు” అని కూతురికి చెప్పాడు. అప్పట్నుంచి ఆ రకం పేరు మా అందరికీ పిల్లే.

పైరు పొట్టదశకి వచ్చేవేళ రాత్రులు చల్లబడడం మానేశాయి. పగటి వేడి ఎప్పుడూ ఉండేదే, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇది వేరు. పొద్దుగూకాక కూడా గోడలు చెయ్యి పెట్టనిచ్చేవి కావు. తెల్లవారి కుళాయి తిప్పితే కాచినట్టు నీళ్లు. కుక్కలు మొరగడం మానేసి కాలవల పక్కన నాలుక బయటపెట్టి పడుండేవి. పక్షులు కూయకుండా తెల్లవారేది. పనికి వస్తూ నేను ఆ నిశ్శబ్దానికి భయపడేదాన్ని. ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

బాబాయి మాత్రం ఉషారుగా ఉన్నాడు. “ఈ వేడికి పక్క పొలాల గింజలు తెల్లబడతాయిరా బ్లేడమ్మా. మా అమ్మాయి పొలం మాత్రం చూడు” అనేవాడు. నన్ను బ్లేడమ్మా అని పిలిచే హక్కు ఆయనొక్కడికే ఇచ్చాను.

అంతకు కొన్ని వారాల ముందే కేంద్రానికి కొత్త యంత్రం వచ్చింది. బీరువాలా ఉంటుంది. ఇనప తలుపు మూస్తే లోపల మనం చెప్పిన వేడి, మనం చెప్పిన వెలుతురు. డాక్టరమ్మ ముచ్చటపడి పిల్ల రకం కుండీలు కొన్ని అందులో పెట్టి, గాజింట్లో పెట్టిన రాత్రి వేడే పెట్టింది. గింజలు పాలు పోసుకుని, ముద్ద కట్టి, గట్టిపడేదాకా ఆగి, వలిచి నా బల్లమీదికి పంపింది.

మొదటి గింజని దీపపు అద్దంమీద పెట్టాను. మధ్యలో నల్లటి మచ్చ. వెలుతురు దూరని చోటు కింది దీపం వెలుగులో నల్లగా కనపడుతుంది, చేతిలోకి తీసుకుంటే అదే తెల్లగా ఉంటుంది. చెడ్డ గింజ తగిలిందిలే అనుకుని ఇంకోటి పెట్టాను. అదీ అంతే. పిడికెడు పోశాను. అద్దం నిండా నల్లమచ్చలే. కోసి అయోడిన్ వేస్తే నీలం కూడా పలచగా, వెలిసిపోయిన చీర అంచులా తేలింది. పోగులు పేనే పనివాడు కూడా సగంలో పని వదిలేశాడన్నమాట. పళ్లెం పట్టుకుని లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచి డాక్టరమ్మ గదికి వెళ్లాను.

ఆవిడ నమ్మలేదు. బీరువా పాడైందేమో చూపించింది. పాడవలేదు. విత్తనం మారిందేమో చూసింది. మారలేదు. అదే విత్తనం, అదే జన్యువు, అదే వేడి. ఒకచోట గాజు, ఒకచోట సుద్ద.

“బాబాయిని పిలు” అంది.

బాబాయి తువ్వాలు సర్దుకుంటూ వచ్చాడు. నేనూ, డాక్టరమ్మా, ఏదో కాగితం మీద సంతకానికి వచ్చిన టైపాయనా ఉన్నాం.

“బాబాయ్, గాజింట్లో రాత్రిపూట గొట్టాలు ఎప్పుడైనా ఆగిపోయేవా?”

“లేదమ్మా. ఎప్పుడూ ఆగలేదు.”

“మరి అంత వేడిలో గింజ అంత చక్కగా ఎలా వచ్చింది? నువ్వేమైనా వేసేవాడివా? మందో, మాకో?”

బాబాయి మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్లుగానో ఎవరైనా అడుగుతారని చూస్తున్న ప్రశ్న అది. కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

“మందులెందుకమ్మా. అంత వేడిలో వాటిని అలా వదిలేసి పోవడానికి నాకు మనసెలా ఒప్పుతుంది? పొద్దువాలగానే అడుగున ఉన్న రేకు తలుపులు తీసేసేవాణ్ని. చల్లగాలి సన్నగా బల్లల మీదినుంచి పోయేది. పైన గొట్టాలు వేడిగానే ఉండేవి, మీ లెక్కకి ఇబ్బంది లేకుండా. మీరొచ్చేలోపు మళ్లీ మూసేసేవాణ్ని. పాపం, నోరులేనివి కదమ్మా. ఉక్కపోస్తోందని చెప్పలేవు.”

అని మెప్పుకోసం మా ముగ్గురి మొహాలూ చూశాడు.

డాక్టరమ్మ చేతిలోని గ్లాసు బల్లమీద పెట్టబోయి, బల్ల అంచు అందక కింద పడేసింది. పగిలిన ముక్కలు ఎవరూ తీయలేదు.

“తీగ పైన కట్టింది నేనే. మొక్కల దగ్గర కట్టాలి కదా. నేనే పైన కట్టాను” అంది తనలో తాను.

బాబాయికి అర్థం కాలేదు. “ఏమైందిరా?” అని నన్ను అడిగాడు. ఆ పని నాకు తప్పలేదు. పళ్లెంలో గింజలు ఆయన అరచేతిలో పోసి చెప్పాను. రాత్రి వేడిగా ఉంటే మేస్త్రీ లేవడు బాబాయ్. పేనేవాడూ లేవడు, అతికేవాడూ లేవడు. పైగా కట్టిన పిండిని కరిగించే పనివాళ్లు కొందరుంటారు, మొలకెత్తేటప్పుడు లేవాల్సినవాళ్లు, వాళ్లు వేళకాని వేళ లేస్తారు. పిల్ల వేడికి తట్టుకోలేదు బాబాయ్. పిల్లకి అసలు వేడి తగల్లేదు.

ఆయన అరచేతిలోని తెల్లటి గింజలకేసి చాలాసేపు చూశాడు. తర్వాత కిటికీలోంచి బయట కాలుతున్న ఆకాశం కేసి చూశాడు.

“పొలానికి తలుపులుండవు కదమ్మా” అన్నాడు.

టైపాయన గొంతు సవరించుకుని, “తడిగుడ్డతోనే కోశావు కదయ్యా” అని గొణిగాడు. ఆ మనిషిని ఆ క్షణంలో గదిలోంచి మెడపట్టి గెంటాలనిపించింది. గెంటలేదు. బాబాయి ఆ మాట విన్నాడో లేదో తెలియదు, తలమీది తువ్వాలు మాత్రం తీసి చంకలో పెట్టుకున్నాడు.

కేంద్రం పెద్దలతో డాక్టరమ్మ తలుపులు వేసుకుని మాట్లాడి వచ్చింది. కోతలయ్యేదాకా బయట నోరు మెదపొద్దన్నారట. ఆవిడ ఒప్పుకోలేదు, విత్తనం తీసుకున్నవాళ్లందరికీ తనే ఊళ్లు తిరిగి చెబుతానంది. కానీ చెప్పి ఏం లాభం? పైరు పాలు పోసుకుంటోంది. వెనక్కి తీసుకోవడానికి అది బజారులో కొన్న బట్ట కాదు. అంతకంటే ఆవిణ్ని తినేసేది ఇంకొకటుంది. ఇన్నేళ్లుగా మంచివని చెప్పి పంపిన రకాలన్నీ ఆ గదిలోంచి వెళ్లినవే. అవి ఇప్పుడు ఎవరెవరి పొలాల్లో ఉన్నాయో.

రేకు తలుపులకి మేకులు కొట్టించమని పైనుంచి చెప్పారు. వేరే మనిషిని పంపుతామన్నా బాబాయి ఒప్పుకోలేదు, నేనే కొడతానన్నాడు. నా గదిలోకి సుత్తి చప్పుడు వినపడుతూనే ఉంది. ఒక్కో తలుపుకీ ఆగి ఆగి కొట్టాడు. రేకుల గది కిటికీ కథ తెలిసినదాన్ని నేనొక్కతెనే. చెవులు మూసుకుని కూర్చున్నాను. ఆ రోజు పొద్దువాలినప్పుడు గాజింటి గోడలకి లోపలినుంచి చెమట పట్టింది. బాబాయి బయట మెట్టుమీద, రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని కూర్చున్నాడు. లోపలికి వెళ్లలేదు, ఇంటికీ వెళ్లలేదు.

ఆదివారం ఆయనతోపాటు నేనూ పొలానికి వెళ్లాను. ఒక్కణ్నే పంపబుద్ధి కాలేదు.

ఆ పొలం ఎంత అందంగా ఉందో చెబితే పాపం. వెన్నులు బరువుకి వంగి గట్టుమీద వాలిపోయాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూసి వెళ్తున్నారు. పొట్టు లోపల ఏమవుతోందో పొట్టు చెప్పదు కదా. కూతురు పిల్లని చంకనేసుకుని ఎదురొచ్చింది.

“చూశావా అక్కా మా నాన్న హస్తవాసి! ఆసామి నిన్న వచ్చి నోరెళ్లబెట్టాడు. బియ్యం నిలబడితే ఇదే విత్తనం తన మిగతా పొలాలన్నిట్లో, తమ్ముళ్ల పొలాల్లో కూడా వేయిస్తాడట.”

బాబాయి మడి మధ్యలోకి దిగి ఒక వెన్ను తెంపి, ఒక గింజని గోటితో వలిచాడు. ఇంకా సగం మెత్తగానే ఉంది. నాకేసి చేయి చాపాడు. ఎండకి ఎత్తి పట్టి చూశాను. గట్టిపడుతున్న భాగం మధ్యలో మబ్బులా తెలుపు మొదలైంది. నేను తలూపాను.

ఆయన కూతురికి అంతా చెప్పాడు. దాచలేదు, తిప్పలేదు. రేకు తలుపుల దగ్గర్నుంచి చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ పిల్లని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. ఏడవలేదు, అరవలేదు.

“ఇప్పుడేం చెయ్యాలి?” అని మాత్రం అడిగింది, ఆయన్ని కాదు, నన్ను.

డాక్టరమ్మ చెప్పి పంపిన ఒకే ఒక్క ఉపాయం ఉంది. పొద్దువాలగానే కాలవ నీళ్లు మడిలోకి వదిలి, పారుతూ ఉండేలా చూస్తే పైరు కాస్త చల్లబడుతుంది. ఆ రోజునుంచి పొద్దువాలితే తండ్రీకూతుళ్లు మడవ దగ్గరే ఉన్నారు. మడవ అంటే కాలవ నీళ్లు మడిలోకి దిగే గండి. కానీ కాలవలో నీళ్లే వెచ్చగా ఉన్నాయి, అవీ పలచన. మడవ పక్కన నాలుగు అడుగుల మేర మాత్రం పైరు తేటపడ్డట్టుండేది. మధ్యకి వెళ్లేసరికి నీళ్లు కాగేవి. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు. బాబాయి పనికి వచ్చి గింజల పొట్లాలు నా బల్లమీద పెట్టేవాడు. మడవ పక్కవి గాజు. మిగతావి సుద్ద. “ఆ, సరే” అని వెళ్లిపోయేవాడు. మొక్కల్ని పలకరించడం మానేశాడు.

కోత కోసి, నూర్చి, ఆరబోశారు. ఆసామి వస్తాడన్న రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. కళ్లంలో రెండు రాశులు ఉన్నాయి. ఒకటి కొండంత. ఒకటి చిన్నది, మడవ పక్కన పండింది. కూతురే దాన్ని విడిగా పోయించింది. ఎందుకు విడిగా పోయించిందో నేనూ అడగలేదు, బాబాయీ అడగలేదు.

ఆసామికి ఒక అలవాటుంది. ధాన్యం తూచేముందు చేతితో తిప్పే చిన్న మర ఒకటి తెచ్చి, కళ్లంలోనే ఒక దోసెడు ఆడించి చూస్తాడు. బియ్యం ఎంత, నూక ఎంత. అక్కడే తేల్చేస్తాడు. ఆ రోజు మర చెక్కబల్లమీద బిగించి, చేతులు దులుపుకుని, బాబాయికి ఎంతో గౌరవంగా చెప్పాడు.

“పెద్దాయనా, గింజ సంగతి మీకంటే తెలిసినవాళ్లెవరున్నారిక్కడ? మీరే ఒక దోసెడు తీసివ్వండి. మీ చెయ్యి చల్లనిది అంటారు.”

కూతురు పిల్ల జుట్టు సవరిస్తూ, తలెత్తకుండా అంది. “ఆ చిన్న రాశిలోంచి తియ్యి నాన్నా. అవి బాగా ఎండాయి.”

బాబాయి చిన్న రాశి దగ్గరికి నడిచాడు. మోకాళ్లమీద కూర్చుని రెండు చేతులూ ధాన్యంలోకి దూర్చాడు. తియ్యి బాబాయ్, తీసిచ్చెయ్యి, ఎవడు చూడొచ్చాడు అని నా ప్రాణం కొట్టుకుంది. న్యాయం ధర్మం నాకు అప్పుడేం గుర్తుకు రాలేదు. ఆ ఇంటి కిటికీలు కనపడుతున్నాయి ఎదురుగా, బార్లా తెరిచి. ఆయన దోసెడు ధాన్యం పైకి తీశాడు. అలాగే ఉండిపోయాడు. తర్వాత వేళ్లు వదులు చేశాడు. గింజలన్నీ మళ్లీ రాశిలోకి జారిపోయాయి.

లేచి పెద్ద రాశి దగ్గరికి వెళ్లి, దాని నడిమధ్యలోంచి దోసెడు తీశాడు.

“నాన్నా” అంది కూతురు. ఆ పిలుపులో ఉన్నంత భయం నేను ఎవరి గొంతులోనూ వినలేదు.

“చల్లగా పెరిగినవి తీసి చూపించడం నాకు బాగా అలవాటైపోయింది తల్లీ. చూపించి చూపించే ఇంతదాకా తెచ్చాను. ఇప్పుడు కూడా చూపిస్తే ఇంకెన్ని పొలాలకి పోతుందో ఇది.”

ఆసామికి ఇదేమీ బోధపడలేదు. మరలో పోసి తిప్పాడు. బియ్యం ఆడే చప్పుడు గుల్లగా ఉంటుంది. ఇది పటపటమని విరిగే చప్పుడు. తవుడు ఊదేసి పళ్లెం ముందుకు పెట్టాడు. తెల్లటి ముక్కలు. నిండు గింజ వెతికితే ఒకటీ అరా. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండును. ముక్కల్ని వేలితో కెలికి, “పైకి చూస్తే ఎంత బాగుందండీ” అని నిజంగానే బాధపడ్డాడు. తర్వాత కూతురివైపు తిరిగాడు.

“ఏమ్మా, మాట అనుకున్నాం కదా.”

“అనుకున్నాం” అంది ఆవిడ.

ఆయన మర విప్పుకుని వెళ్లిపోయాడు. ఆవిడ పిల్లని నా చేతికిచ్చి ఇంట్లోకి వెళ్లి కిటికీలు మూయడం మొదలుపెట్టింది. ఒక్కో రెక్కా మూసుకునే చప్పుడు కళ్లంలోకి వినపడుతోంది. బాబాయి రాశి పక్కనే కూర్చుని ఉన్నాడు. తువ్వాలు భుజంమీద ఎండిపోయి అట్టకట్టింది. కాలవ పక్కనే ఉన్నా తడుపుకోలేదు. నేను తడిపి తెద్దామనుకున్నాను, చేతిలో పిల్ల ఉంది.

ఆవిడ బయటికి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

“నీమీద కోపం లేదని అబద్ధం చెప్పను నాన్నా. తర్వాత ఎప్పుడైనా పోతుందేమో. బస్తీలో గది వెతకాలి కదా, నువ్వే వెతుకు. కానీ ముందు కిటికీ చూడు. నీ చేత్తో తీసి చూడు, తెరుచుకుంటుందో లేదో.”

“చూస్తానమ్మా” అన్నాడు బాబాయి.

పొద్దువాలింది. గాలి లేదు. నా భుజంమీద పసిపిల్లకి మెడంతా చెమట పట్టింది, కొంగుతో విసురుతూ నిలబడ్డాను.